ఇద్దరన్నదమ్ములు, ఒకే కథ: ఒక కుటుంబ సైనిక చరిత్రపై కేస్ స్టడీ

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఒక పల్లెకు చెందిన కుటుంబం ఇది. ఇప్పుడు హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉంటున్నారు. వారిలో మనవరాలి వరస అయిన ఒకామె నన్ను అడిగిన పని చాలా చిన్నది. "మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పనిచేశారు. ఏ రెజిమెంటులో ఉన్నారో కనుక్కోవాలి" అన్నారు. పని ముగిసేసరికి ఆ తాతగారు బర్మా వైపే వెళ్ళలేదని తేలింది. వెళ్ళింది ఆయన అన్న. అలాంటి అన్న ఒకాయన ఉండేవాడన్న సంగతే ఈ తరంలో ఎవరికీ తెలియదు.

కుటుంబాల చరిత్ర వెతికి రాసిపెట్టడం నా వృత్తి. ఈ కేసు వివరాలు పంచుకోవడానికి కుటుంబం ఒప్పుకుంది, పేర్లు మాత్రం వద్దన్నారు. కాబట్టి అన్నను పెద్దాయన అని, తమ్ముడిని చిన్నాయన అని రాస్తున్నాను. ఇద్దరి పేర్లూ ఏడుకొండలవాడి పేరుతోనే మొదలవుతాయి. కథలో చిక్కుముడి పడటానికి అది కూడా ఒక కారణం.

ఇంట్లో చెప్పుకునే కథ

తాతగారు ఇరవై ఏళ్ళు రాకముందే పట్టాళంలో చేరారు. బర్మాలో చనిపోయారని ఇంటికి తంతి వచ్చింది. తల్లి మంచం పట్టింది. యుద్ధం ముగిశాక ఒకనాడు ఆయన ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని ఊళ్ళోకి నడిచి వచ్చారు. ఊరంతా దయ్యమనుకుని భయపడింది. తర్వాత పెళ్ళి చేసుకుని, మేస్త్రీ పని చేస్తూ బతికి, 1961లో జబ్బు చేసి పోయారు. అప్పటికి పిల్లలు బాగా చిన్నవాళ్ళు. తల్లి వాళ్ళను పుట్టింటికి తీసుకుపోవడంతో తండ్రి వైపు బంధువులతో రాకపోకలు తగ్గిపోయాయి.

ఇలాంటి కథలు వినగానే కట్టుకథ అని కొట్టిపారేయకూడదు. చనిపోయాడనుకున్న సైనికుడు తిరిగి రావడం ఆ యుద్ధంలో నిజంగానే జరిగింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాన్ వశమైనప్పుడు పట్టుబడిన భారతీయ సైనికుల్లో చాలామంది గురించి ఇళ్ళకు ఏళ్ళ తరబడి కబురే లేదు. వారిలో కొందరు యుద్ధం ముగిశాక ఇల్లు చేరారు. అందుకే ఈ కథను నేను మొదట నిజం కాగల కథగానే తీసుకున్నాను.

అయితే కథలో ఒక చోట మనసు ఆగింది. తాతగారు పిల్లలకు మంచు గురించి చెప్పేవారట. కొండ మీద తెల్లగా, మోకాలి లోతున పడిన మంచులో రాళ్ళు మోశామని, చేతులు కొంకర్లు పోయేవని. ఆ మాటను కూడా ఇంట్లో బర్మా ఖాతాలోనే వేసుకున్నారు. బర్మా యుద్ధం జరిగిన చోట్ల సైనికులు తలుచుకునేవి వాన, బురద, జలగలు, మలేరియా. మోకాలి లోతు మంచు కాదు.

ట్రంకు పెట్టెలో దొరికినవి

పెట్టెలో ఒక స్టూడియో ఫోటో, ఐదు పతకాలు, చెదలు సగం తినేసిన డిశ్చార్జి కాగితం ఉన్నాయి. పతకాల్లో మూడు నక్షత్రాల ఆకారంలో, రెండు గుండ్రంగా ఉన్నాయి. రిబ్బన్లు ఎప్పుడో పోయాయి.

రిబ్బను ఉంటే దూరం నుంచే పోల్చుకోవచ్చు. ఇటలీ స్టార్‌ది ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ రంగుల రిబ్బను, అచ్చం ఆ దేశం జెండా రంగులే. ఆఫ్రికా స్టార్‌ది ఎడారి ఇసుక రంగు. రిబ్బను లేకపోతే ఆ యుద్ధపు నక్షత్రాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. ఆరు కోణాలు, మధ్యలో రాజు ముద్ర, దాని చుట్టూ ఇంగ్లీషులో పతకం పేరు. ఈ ఇంట్లో ఆ పేర్లు సగం అరిగిపోయాయి. దసరాకు ఇత్తడి సామానుతో పాటు వీటినీ చింతపండుతో తోమేవారట. భక్తితో చేసిన పనే కానీ, దయచేసి ఎవరూ చేయవద్దు. మన సైనికులకు ఇచ్చిన పతకాల్లో చాలావాటి మీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. గుండ్రటి పతకాలకైతే అవి అంచు మీద ఉంటాయి. ఆ గీతలు ఒకసారి అరిగిపోతే ఇంకెక్కడా దొరకని సాక్ష్యం పోయినట్టే. మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము తుడిచి, ఒక్కో పతకాన్ని విడిగా కాగితంలో చుట్టి పెట్టుకుంటే చాలు.

చీకటి గదిలో టార్చిలైటును బల్లకు దాదాపు ఆనించి, వెలుగు పక్కవాటుగా పడేలా పెట్టి ఒక్కో పతకాన్నీ నెమ్మదిగా తిప్పాను. సూటిగా చూస్తే నున్నగా కనిపించిన చోట నీడలు లేచి అక్షరాలు కట్టాయి. మూడు నక్షత్రాలు 1939–45 స్టార్, ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్. గుండ్రటివి డిఫెన్స్ మెడల్, వార్ మెడల్. బర్మా రంగంలో పనిచేసినవారికి ఇచ్చే బర్మా స్టార్ లేదు. వార్ మెడల్ అంచు మీద నంబరు, సాపర్ (దారులు, వంతెనలు కట్టే ఇంజనీరింగ్ దళంలో మామూలు సిపాయి) అనే ర్యాంకుకు పొట్టి అక్షరాలు, చిన్నాయన పేరు కనిపించాయి.

పెట్టెలో ఒక పతకం లేనంత మాత్రాన అది రాలేదని చెప్పలేం. పతకాలు పోతాయి, కష్టకాలంలో అమ్ముడుపోతాయి. కానీ డిశ్చార్జి కాగితంలో మిగిలిన భాగంలో పతకాల వరస ఉంది, అందులోనూ బర్మా స్టార్ లేదు. అదే కాగితంలో అంచు మీది నంబరే ఉంది, వృత్తి మేస్త్రీ అని ఉంది, 12వ ఫీల్డ్ కంపెనీ, మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ అని ఉంది, 1946లో విడుదలైనట్టు ఉంది.

ఫోటో కూడా అదే చెప్పింది. అందులో మనిషి తల మీద ఉన్నది డూప్టా, మద్రాస్ సాపర్లకే ప్రత్యేకమైన టోపీ. వారి కేంద్రం బెంగళూరు, ఫోటో వెనక స్టూడియో ముద్ర కూడా బెంగళూరుదే.

మనవరాలు అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరికింది. రెజిమెంటు తెలిసింది, నంబరు తెలిసింది. ఇక్కడే ఆపి నివేదిక ఇచ్చి ఉండవచ్చు. కానీ బర్మాకు వెళ్ళని మనిషి బర్మాలో చనిపోయాడని తంతి ఎందుకు వచ్చింది?

మామ్మగారి మాట

తాతగారి తోబుట్టువుల్లో చివరి చెల్లెలు బతికే ఉన్నారు. వయసు తొంభై దగ్గర పడింది. పెళ్ళయిన నాటి నుంచి విజయనగరం వైపు ఉండిపోయారు. ఈ పిల్లలకు ఆమె పేరు తెలుసు, చూసింది తక్కువ. ఇంత కాలం ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు నేను కాగితాలు, పతకాలు ముందుగా చూపించను, నాకు తెలిసింది చెప్పను. ముందే చూపిస్తే వాళ్ళు మనం చూపించినదాన్నే తిరిగి మనకు చెబుతారు. యుద్ధం ఊసు ఎత్తకుండా ఇంటి సంగతులతో మొదలుపెట్టాను. మీ అమ్మగారు ఏం చేసేవారు, ఇల్లు ఎలా గడిచేది అని. అప్పుడు ఆమె చెప్పిన మాట ఇది.

"అమ్మ గూడెం వెళ్ళి వేలిముద్ర వేసి డబ్బు తెచ్చుకునేది. చిన్నన్నయ్య తోడు వెళ్ళేవాడు. ఇంటికి వచ్చి ఆ డబ్బు దేవుడి దగ్గర పెట్టి, ఆ పూట అన్నం తినేది కాదు."

గూడెం అంటే తాడేపల్లిగూడెం. వేలిముద్ర వేసి తెచ్చుకున్నది పింఛను. కొడుకు బతికి వచ్చి పక్కన నడుస్తుంటే ఆ తల్లికి చనిపోయిన సైనికుడి పింఛను ఎవరిస్తారు?

చిన్నన్నయ్య అంటే పెద్దన్నయ్య ఎవరు అని అడిగాను. పక్కనే ఉన్న మనవరాలు పెదనాన్న కొడుకెవరో అయి ఉంటారనుకున్నారు. మామ్మగారు ఆశ్చర్యపోయారు. "అదేమిటమ్మా, మా అమ్మ కడుపున పుట్టిన మొదటివాడు. మిలిటరీలో పోయాడు. మీ నాన్న చెప్పలేదా?" అన్నారు.

ఆ నాన్నగారికి కూడా ఎవరూ చెప్పలేదు. పెద్దాయన పెళ్ళి కాకుండానే పోయాడు. పిల్లలు లేని మనిషి పేరు వంశవృక్షంలోంచి రెండు తరాల్లో రాలిపోతుంది, నేను చూసిన కుటుంబాల్లో ఇది పదేపదే జరిగింది. మిగిలింది తంతి వచ్చిందన్న మాట ఒకటి, మిలిటరీ నుంచి తిరిగి వచ్చిన తాత ఒకడు. రెండింటినీ కలపడానికి తర్వాతి తరం చెప్పుకున్నదే ఆ దయ్యం కథ. ఎవరూ కావాలని అబద్ధం చెప్పలేదు. ఒక ఇంటి కథలో ఇలా పొసగని ముక్కలు రెండు కనిపిస్తే, ఒకటి నిజం ఒకటి అబద్ధం అని తేల్చే ముందు, అక్కడ ఇద్దరు మనుషులు ఉన్నారేమో చూడాలి. ఈ వృత్తిలో నేను గట్టిగా నమ్మేది అదే.

తంతి ఎప్పుడు వచ్చిందో చెప్పగలరా అని అడిగితే సంవత్సరం చెప్పలేకపోయారు. కానీ ఆ ఏడు వరలక్ష్మీ వ్రతం బాగానే చేసుకున్నామని, దసరాకు మాత్రం గుమ్మానికి తోరణం కట్టలేదని చెప్పారు. తనకు అప్పటికి ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళట. తల్లిదండ్రుల పూర్తి పేర్లు, ఊరు, పెద్దన్నయ్యను ఇంట్లో పిలిచే పేరు, బడిలో రాయించిన పేరు విడివిడిగా అడిగి రాసుకున్నాను.

పేరు వెతకడం

యుద్ధాల్లో మరణించిన కామన్వెల్త్ సైనికుల వివరాలను కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ తన వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా వెతుక్కునేలా ఉంచింది. రెండో ప్రపంచ యుద్ధంలో మరణించిన అవిభక్త భారత సైనికులు అందులో 87 వేల మంది దాకా ఉన్నారు. మరణించినవారి జాబితా మాత్రమే అది. తిరిగి వచ్చిన చిన్నాయన లాంటివారి కోసం అక్కడ వెతికి లాభం లేదు.

తెలుగు పేరును అక్కడ ఉన్నది ఉన్నట్టు కొడితే దొరకడం కష్టం. భర్తీ రోజున గుమాస్తా చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు. వెంకట అనే మాటనే నాలుగైదు రకాలుగా రాశారు. ఇంటిపేరు చాలామందికి అసలు లేదు, కొందరికి అదే అసలు పేరైపోయింది. అందుకే పేరు కన్నా ఊరు, జిల్లా, తండ్రి పేరు పట్టుకుని వెతకడం మేలు. రెండో యుద్ధపు పద్దుల్లో చాలావాటికి అదనపు వివరాల కింద ఫలానావారి కుమారుడు, ఫలానా ఊరు అని ఉంటుంది. జిల్లా పేరులోనూ జాగ్రత్త పడాలి. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో ఏర్పడింది. అంతకు ముందు ఆ తాలూకాల్లో చాలా భాగం కృష్ణా జిల్లాలో ఉండేవి. మొదటి యుద్ధం నాటి కాగితాల్లో వీటిని గోదావరి అని వెతికితే ఏమీ రాదు.

పశ్చిమ గోదావరి అనే మాట, తండ్రి పేరు తొలి అక్షరాలు కలిపి వెతుకుతూ పోగా పెద్దాయన దొరికాడు. ఇండియన్ పయనీర్ కోర్ (సైన్యానికి దారుల పని, సరుకుల పని చేసే దళం), వయసు 23, 1944 ఆగస్టు రెండో వారంలో మరణం. తండ్రి పేరు సరిపోయింది. ఊరి పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా పోల్చుకునేలా ఉంది. తల్లి పేరు మామ్మగారు చెప్పినదే.

ఆ తేదీని పంచాంగంలో చూస్తే తారణ నామ సంవత్సరం, శ్రావణ బహుళం. వరలక్ష్మీ వ్రతం శ్రావణ పూర్ణిమకు ముందు శుక్రవారం వస్తుంది. అంటే వ్రతం నాటికి పెద్దాయన బతికే ఉన్నాడు, దసరాకు ముందు కబురు ఇల్లు చేరింది. చిన్నపిల్లగా విన్న సంగతిని పండుగల కొలతతో ఎనభై ఏళ్ళు దాచుకున్న మామ్మగారి జ్ఞాపకమూ, తానెన్నడూ చూడని ఆ పద్దూ ఇంత దగ్గరగా కలిశాక నాకు సందేహం మిగలలేదు.

పద్దులో స్మారకం పేరు చూసి కుటుంబం ఇంకా కదిలిపోయింది. అది రంగూన్ కాదు, ఇంఫాల్. దహనం చేసిన హిందూ, సిక్కు సైనికుల పేర్లతో అక్కడ ఒక స్మారకం ఉంది, అందులో 868 పేర్లు ఉన్నాయి. బర్మా అనుకుంటూ వచ్చిన చోటు మణిపూర్‌లో, మన దేశంలోనే ఉంది. ఇంట్లోవాళ్ళు పొరబడ్డారని కూడా అనలేం. ఇంఫాల్, కోహిమాల్లో జరిగిన పోరును అప్పుడు అందరూ బర్మా యుద్ధమనే పిలిచేవారు, ఇప్పటి పుస్తకాలూ అలాగే రాస్తాయి.

1944 మార్చిలో జపాన్ సైన్యం ఇంఫాల్‌ను చుట్టుముట్టింది. జూన్ 22న కోహిమా నుంచి వచ్చే దారి తెరుచుకుంది. ఆ దారుల్ని వానకాలంలో నిలబెట్టడం, సరుకులు దించడం, కల్వర్టులు కట్టడం పయనీర్ల పని. పెద్దాయన ఎలా పోయాడని మనవరాలు అడిగారు. పద్దులో కారణం రాయలేదు. ఆ రంగంలో జబ్బుతో ఆస్పత్రి పాలైనవారు గాయపడినవారి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ అంతమందికి జరిగింది కాబట్టి ఈయనకూ అదే జరిగిందని రాయడానికి నేను ఒప్పుకోలేదు. నివేదికలో "మరణ కారణం తెలియదు" అనే ఉంది.

ఒక మాట పక్కగా చెప్పాలి. పెద్దాయన మొదటి ప్రపంచ యుద్ధంలో పోయి ఉంటే ఈ వెతుకులాట ఇలా సాగేది కాదు. ఇరాక్‌లోని బస్రా స్మారకం 40 వేల మందికి పైగా సైనికులది. వారిలో భారతీయులే ఎక్కువ, అయినా మామూలు సిపాయిల పేర్లు గోడ మీద చెక్కలేదు. పటాలం పేరు కింద ఇంతమంది అని అంకె వేసి సరిపెట్టారు. ఇలా సమానంగా గుర్తించని సైనికులు 45 వేల నుంచి 54 వేల మంది దాకా ఉంటారని కమిషనే 2021లో నివేదిక ఇచ్చి క్షమాపణ చెప్పింది. పంజాబ్ నుంచి వెళ్ళిన 3,20,000 మంది వివరాల రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో బయటపడ్డాయి కాబట్టి అక్కడి కుటుంబాలకు కొంత దారి దొరికింది. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్ళినవారి మనవళ్ళు నా దగ్గరకు వచ్చి అదే అడిగినప్పుడు చేతిలో పెట్టడానికి అలాంటి పుస్తకం లేదు. అది నన్ను ఇప్పటికీ బాధించే విషయం.

చిన్నాయన వెళ్ళిన దారి

12వ ఫీల్డ్ కంపెనీ 4వ ఇండియన్ డివిజన్‌లో భాగం. ఆ డివిజన్ ఉత్తర ఆఫ్రికాలో పోరాడి, 1943 చివర్లో ఇటలీ చేరింది. 1944 ఫిబ్రవరిలో మోంటే కస్సీనో కొండల మీద ఉంది, తర్వాత గ్రీసుకు వెళ్ళింది. కస్సీనో వెనక కొండల్లో కంచరగాడిదల బాటలను జీపులు, ట్యాంకులు నడిచే దారులుగా వెడల్పు చేసే పని సాపర్లు చలికాలంలో చేశారు. పిల్లలకు చెప్పిన మంచు, రాళ్ళు, కొంకర్లు పోయిన చేతులు ఆ చోటుకు అతికినట్టు సరిపోతాయి. ఆ నెలలోనే, 1944 ఫిబ్రవరి 24న, అదే డివిజన్‌లోని మద్రాస్ సాపర్ సుబేదార్ సుబ్రమణ్యన్ మందుపాతర మీద పడి తోటివారిని కాపాడి ప్రాణం విడిచారు. ఆయనకు మరణానంతరం జార్జ్ క్రాస్ అనే బ్రిటిష్ సాహస పతకం ఇచ్చారు.

అయినా నివేదికలో చిన్నాయన కస్సీనోలో పోరాడారని రాయలేదు. "ఆయన కంపెనీ ఆ డివిజన్‌తో ఉంది, ఆయనకు ఇటలీ స్టార్ వచ్చింది, ఆయన చెప్పిన సంగతులు ఆ చోటుకు సరిపోతున్నాయి" అని రాశాను. ఈ తేడా కుటుంబాలకు చిన్నదిగా కనిపిస్తుంది. ఒక కంపెనీ ఒక చోట ఉన్న రోజున అందులో ఒక సైనికుడు ఆస్పత్రిలో ఉండవచ్చు, సెలవులో ఉండవచ్చు. ఇటలీ రంగపు వార్ డైరీలు, అంటే దళాలు ఏ రోజుకారోజు రాసుకున్న దినచర్యలు, లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూవో (వార్ ఆఫీస్) 170 వరసలో, బర్మా రంగానివి డబ్ల్యూవో 172 వరసలో ఉంటాయి. వాటిలో అధికారుల పేర్లు ఉంటాయి కానీ మామూలు సాపర్ పేరు కనిపించడం అరుదు. ఏ వాగు మీద ఏ రోజున వంతెన కట్టారో తెలుస్తుంది, రాయి ఎత్తింది ఎవరో తెలియదు.

ఒక మనిషి సొంత వివరాలు ఉండేది రికార్డ్స్ ఆఫీసులో. మద్రాస్ సాపర్లవి, పయనీర్ కోర్‌వి బెంగళూరులో, మద్రాస్ రెజిమెంటువి నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, ఆర్టిలరీవి నాసిక్‌లో ఉంటాయి. ఎక్కడ రాయాలో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగవచ్చు. దరఖాస్తులో సైనికుడి నంబరు ఉండటం అన్నిటికన్నా ముఖ్యం. అది లేకుండా పేరు ఒక్కటే రాస్తే అలాంటి పేరుగలవారు అక్కడ వందల్లో ఉంటారు. పూర్తి ఫైలు మిగలకపోయినా లాంగ్ రోల్ అనే రిజిస్టరులో పద్దు దొరికే వీలుంది.

ఇప్పుడు ఎక్కడ ఉన్నాం

నివేదిక ఇచ్చాక కుటుంబం మొదట అడిగింది రెజిమెంటు సంగతి కాదు, పెద్దాయన తిథి. పార్థివ దేహం రాలేదని తల్లి ఆయనకు తద్దినం పెట్టనివ్వలేదట. తల్లి పోయాక చిన్నాయన ఏటా మహాలయ అమావాస్యకు అన్న పేరున స్వయంపాకం ఇచ్చేవారని, ఎవరికని అడిగితే చెప్పేవారు కాదని మామ్మగారు అన్నారు. తేదీ చేతిలో ఉంది కాబట్టి వాళ్ళ పురోహితుడు పాత పంచాంగం చూసి తిథి తేల్చి ఇచ్చారు. శ్రావణంలో ఆ తిథికి కార్యక్రమం పెట్టుకుంటున్నారు. ఇంఫాల్ వెళ్ళాలనే ఆలోచన కూడా ఉంది, ఆ ప్రయాణం ఎప్పుడన్నది వాళ్ళు తేల్చుకోవాలి.

వంశవృక్షంలో చిన్నాయనకు పైన ఒక గడి చేర్చి పెద్దాయన పేరు రాశాం. గోడ మీది ఫోటో చిన్నాయనదేనని దాని వెనక పెన్సిలుతో రాసిపెట్టమన్నాను. పెద్దాయన ఫోటో ఎవరి దగ్గరా లేదు. తల్లి పేరున నడిచిన పింఛను కాగితాలు దొరికితే పెద్దాయన ఎప్పుడు, ఎక్కడ భర్తీ అయ్యాడో తెలిసే అవకాశం ఉంది. ఆ కాగితాల కోసం, ఇద్దరి సర్వీసు వివరాల కోసం రెండు నంబర్లతో వేర్వేరు దరఖాస్తులు మనవరాలి సంతకంతో వెళ్ళాయి. రెండింటికీ జవాబు రావలసి ఉంది.